బెరడు ఇచ్చే వేళ

మోయిట, 23 ఏప్రిల్ 2023

తమ్ముడు జెఫెరీనుకి,

ఇక్కడ నేను, నా రెండు మేకలు, పక్కింటావిడ నోరు, అందరం కులాసాగానే ఉన్నాం. నీ మోకాలికి ఏదో కోత కోయించుకున్నావని మీ అమ్మాయి చెబితే తెలిసింది. సముద్రం ఎదురుగా కాళ్లు చాపుకుని చేపలు తినడం కూడా ఒక వైద్యమేనని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటావా. ఫోన్‌లో అయితే నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను. కాగితం మీద అయితే చివరిదాకా నా మాట వినక తప్పదు.

నీకు మతిమరుపు గనక మొదటినుంచి చెబుతాను. నాన్న మనిద్దరికీ కలిపి రాసిచ్చిన కొండవాలు మీద సీసా బిరడాలకి బెరడిచ్చే కార్కు చెట్లు నూటపన్నెండు ఉండేవి. ఇప్పుడు నూటమూడు. పోయినసారి బెరడు తీసింది 2014లో, నువ్వే మేస్త్రిగా నిలబడి తీయించావు. ప్రతి మాను మీదా నీ చేత్తోనే తెల్లరంగుతో ఏడాది చివరంకె ‘4’ వేశావు. తొమ్మిదేళ్లూ నిండాయి, ఈ ఏడు తీసి ‘3’ వేయాలి. మన ఇద్దరి సంతకాలూ లేనిదే బెరడు తీసే ఏ కూలి ముఠా కొండ ఎక్కకూడదని రాసిపెట్టాడు కదా నాన్న, మన మీద ఆయనకి అంత నమ్మకం.

ఈసారి చెట్లు మార్చి మొదట్లోనే పాత ఆకు రాల్చేశాయి. ఏప్రిల్ తొమ్మిదికల్లా కొత్త ఆకు వచ్చేసింది. ముప్పై ఏళ్లుగా చర్చి కాలెండరు వెనక రాసుకుంటున్నాను. మొదట్లో మే నెల వస్తే గానీ లేతాకు కనిపించేది కాదు. ఇప్పుడు ఏటికేడాదీ ముందుకి జరుగుతోంది. ఆకు వచ్చిందంటే లోపల నీరు పారుతున్నట్టు, నీరు పారితే బెరడు వదులైనట్టు. ఇది నీకు నేను చెప్పేదేమిటి, నువ్వే నాకు నేర్పావు.

మే పదిహేనుకి బెరడు మీద గొడ్డలి పడాలి. లుసీదియు ముఠా అప్పటికి ఖాళీగా ఉంటుంది. వాడు నీ దగ్గర పని నేర్చినవాడే, ఇప్పుడు మేస్త్రి. నీ సంతకం చూస్తే కళ్లకద్దుకుంటాడు. కాగితం ఇందులో పెట్టాను. సంతకం పెట్టి పంపు.

చెవులు బాగానే వినిపిస్తున్న
నీ అక్క బెల్మీరా


సినెస్, 2 మే

అక్కా,

నీ ఉత్తరం చదివేలోపు కాఫీ చల్లారింది, నా ఒళ్లు వేడెక్కింది. మోకాలు భేషుగ్గా ఉంది. అడిగినందుకు సంతోషం, అడిగిన తీరుకి కాదు.

సంతకం పెట్టను. పునీత అంతోనివారి పండుగకి కాల్చిన సార్డీన్ చేపలు అరిగాకే మొదటి గొడ్డలి, అది నాన్న మాట. పండుగ జూన్ పదమూడున, పని పద్నాలుగున. నాన్న బతికున్నన్నాళ్లూ ఆ మాట తప్పలేదు. నలభై ఏళ్ల మేస్త్రిగిరీలో నేనూ తప్పలేదు. నువ్వేమో కాలెండరు వెనక గీతలు గీసి అక్క పంచాంగం ఒకటి తయారుచేశావు. చెట్టు ముందే ఆకు రాల్చిందట. పాద్రిగారికి ఈ ఏడు జుట్టు ముందే ఊడింది, పండుగ కూడా ముందే చేసేద్దామా?

ఎండ ఎక్కువైందనేగా నీ భావం. మా దగ్గర సాయంత్రమైతే స్వెట్టరు వేసుకుంటున్నాం. లోకమంతా నీ పెరడే అనుకోకు.

జూన్ పద్నాలుగున నేనే వస్తాను. నేనే నిలబడి తీయిస్తాను. ముఖ్యంగా ఏటి వైపు పొదల వెనకున్న చెట్ల జోలికి ఎవరినీ పోనివ్వకు. అక్కడ నేల జారుతుంది, ఎవడో ఒకడు కాలు విరగ్గొట్టుకుంటాడు.

నీ తమ్ముడు, నీ కన్నా ఐదేళ్లు చిన్నవాడు, నీ కన్నా యాభై ఏళ్లు పాతవాడు,
జెఫెరీను


మోయిట, 8 మే

జెఫెరీనూ,

స్వెట్టరు వేసుకుని చదువు, ఈ ఉత్తరం కాస్త చలిగానే ఉంటుంది.

పోయినేడాది ఎవోరా నుంచి యూనివర్సిటీలో చదివే పిల్ల ఒకతె వచ్చి మన చెట్లలో ఆరింటి నడుముకి ఇనప పట్టీలు బిగించి వెళ్లింది. చూస్తే చెట్లకి వడ్డాణాలా అని నవ్వుతావు. నేనూ నవ్వాను. పట్టీ మీద గీతలున్నాయి, మాను లావెక్కినకొద్దీ పట్టీ జరుగుతుంది. ఆ పిల్ల నెలనెలా వచ్చి రాసుకుపోయేది. మన చెట్లు మార్చిలో పెరగడం మొదలుపెట్టి జూన్ రెండో వారానికే ఆపేశాయట. వేసవంతా ఉలుకూ పలుకూ లేదు, మళ్లీ అక్టోబరు వానలకి కాస్త పెరిగాయి. అంటే నువ్వు సార్డీన్లు అరిగించుకుని గొడ్డలి భుజాన వేసుకుని వచ్చేసరికి అవి దుకాణం కట్టేసి ఉంటాయి.

ఇక నాన్న మాట. ఆదివారం కుస్తోదియా అత్తని చూడ్డానికి వృద్ధాశ్రమానికి వెళ్లాను. తొంభై నాలుగు నిండాయి, నోరు మాత్రం పాతికేళ్ల దానిది. అంతోనివారి పండుగ దాకా గొడ్డలి ఎత్తకూడదని నాన్న ఎందుకనేవాడని అడిగాను. పళ్లులేని నోటితో ఎంతసేపో నవ్వింది.

“చెట్టు కోసం కాదే పిచ్చిదానా, మనుషులు దొరక్క. మే నెలంతా ముఠాలన్నీ దొరగారి అడివిలో ఉండేవి. పండక్కి అక్కడ వదిలిపెడితే గానీ మనలాంటోళ్ల గుట్ట మీదికి ఎవడొచ్చేవాడు?”

అదీ సంగతి. దొరగారికి మంచి రోజులన్నీ పోను మనకి మిగిలిన రోజు అది. ఆ ఎంగిలి తేదీని నాన్న వేదం చేశాడు, నువ్వు దానికి పూజారివయ్యావు. ఆ రోజుల్లో ఎండ ఇంత తొందరపడేది కాదు కాబట్టి ఎంగిలి తిన్నా సరిపోయింది. ఇప్పుడు సరిపోదు.

నిన్న గేటు పక్క చెట్టుకి నేనే గొడ్డలి చివర పెట్టి చూశాను. పైనుంచి కిందిదాకా దుప్పటి లాగినట్టు వచ్చేసింది బెరడు. సంతకం పంపు. వారం రోజులుంది.

బెల్మీరా


సినెస్, 13 మే

అక్కా,

మొదలుపెట్టేశావన్నమాట. నా సంతకం లేకుండా, నన్ను అడక్కుండా, గేటు దగ్గరినుంచే మొదలుపెట్టావు. డెబ్భై ఏళ్లు దాటాక ఆడదానివి గొడ్డలి పట్టావు సరే, తమ్ముడి నోట మట్టి కొట్టడానికా పట్టడం?

లుసీదియుకి ఫోన్ చేశాను. మా అక్క పిలిస్తే కొండెక్కావో, నీకు పని నేర్పిన చేతిని మర్చిపో అన్నాను. సరే మేస్త్రీ అన్నాడు. వాడికైనా బుద్ధుంది.

కుస్తోదియా అత్త సాక్ష్యం బాగుంది. క్రిస్మస్‌కి వెళ్తే నన్ను మన పాత గాడిద పేరు పెట్టి పిలిచింది, జెఫెరీను ఎలా ఉన్నాడని నన్నే అడిగింది. అలాంటి మనిషి డెబ్భై ఏళ్లనాటి నాన్న మనసు చదివిందా? నీకు కావలసిన మాట ఎవరంటే వాళ్లే జ్ఞాని. నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు.

అసలు నీ కడుపులో ఉన్నదేమిటో నాకు తెలియదా. 2014. జూలై ఆఖరుదాకా పని లాగానని, తూర్పు వడగాలి కొడుతున్నా ఆపలేదని, పదకొండు చెట్ల ఉసురు నేనే పోసుకున్నానని నీ బాధ. అవి వేరు తెగులు తగిలి పోయాయి. అప్పుడూ అదే చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతున్నాను. తొమ్మిదేళ్లు దాచుకుని ఇప్పుడు నాన్న తేదీ మీద కక్ష తీర్చుకుంటున్నావు.

పద్నాలుగున వస్తాను. అంతే.

జెఫెరీను


మోయిట, 20 మే

ఒరేయ్ జెఫెరీనూ,

గేటు పక్కది ఫిబ్రవరి గాలివానకి పడిపోయిన చెట్టురా. సగం వేళ్లు ఇంకా నేలలో ఉన్నాయి గనక పడుకునే చిగురేసింది. ఎలాగూ పోయేదే కదా అని దాని మీద పరీక్ష చేశాను. ఆ ముక్క రాయడం మర్చిపోయాను, నాది తప్పే. కానీ అడగొచ్చుగా. ఫోన్ ఎత్తడానికి వేలు బాగానే లేచింది, నాకు చేయడానికి కాకుండా లుసీదియుకి చేయడానికి లేచింది.

పాపం వాడు టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. “మేస్త్రి వద్దంటే నేను ఎత్తలేను బెల్మీరమ్మా, ఏమనుకోకు” అన్నాడు. ముఠాని తీసుకుని అవతలి లోయకి వెళ్లిపోయాడు. మళ్లీ జూన్ ఐదుకి గానీ రాడు. ఈ వారమంతా నేను కొండ మీదికి వెళ్లి ఒక్కో మానునీ తట్టి చూస్తున్నాను. అన్నీ ఇస్తామంటున్నాయి. పుచ్చుకునేవాళ్లు లేరు.

ఇక 2014. ఆ మాట నేనెప్పుడన్నాను? తొమ్మిదేళ్లలో ఒక్కసారి అన్నానా? వేరు తెగులంటే సరే తెగులే అనుకున్నాను, నమ్మినా నమ్మకపోయినా నోరు మూసుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నువ్వే ఎత్తావు.

ఎత్తావు కాబట్టి ఒకటి అడుగుతాను. చచ్చినవి తొమ్మిది. ఒక్కోటీ ఎండినప్పుడు నేనే కొట్టించాను, నా పొయ్యిలోనే కాల్చాను, నాకు తెలియకుండా ఇంకొకటి పోవడానికి లేదు. నువ్వు పదకొండని రాశావు. ఉత్తరం మళ్లీ తీసి చూశాను, పదకొండే.

మిగతా రెండూ ఏవి?

బెల్మీరా


సినెస్, 29 మే

అక్కా,

ఈ ఏడు సార్డీన్లు చిన్నగా ఉన్నాయి. పై అంతస్తులో ఉండే మనిషి అకార్డియన్ నేర్చుకుంటున్నాడు, ఒకే పాట మూడు నెలల నుంచి. మనవరాలికి పన్ను ఊడింది. ఇవన్నీ రాసి ఉత్తరం నింపేద్దామనుకున్నాను. నింపినా నువ్వు మళ్లీ అదే అడుగుతావు.

ఏటి వైపు పొదల వెనకున్న రెండూ.

జూలై ఇరవై ఆరు. అప్పటికి వారం నుంచి తూర్పుగాలి. మొదటి దెబ్బకే తెలిసింది చెట్టు మూసుకుపోయిందని. గుల్ల మోత రావాలి, బండ మీద కొట్టినట్టు వచ్చింది. అక్కడితో ఆపి చెట్టు దిగిపోవాలి. ముఠాలో ఇంకెవడైనా ఆగకపోతే నేనే దింపేసేవాణ్ణి. కానీ నాన్న చెప్పిన రోజున మొదలుపెట్టాం, చెట్టు ఇవ్వకపోవడమేమిటి అనుకున్నాను. చెట్టుదే తప్పు అనుకున్నాను అక్కా. గొడ్డలి కాడ దూర్చి బలంగా లాగాను. బెరడుతో పాటు చెట్టుకి ప్రాణమైన తల్లిపొర ఊడి వచ్చింది. కింద చెట్టు పచ్చిగా, తడిగా, నా రెండు అరచేతులంత మేర. పక్కదాని మీదికి వెళ్లి అదే పని మళ్లీ చేశాను. మొదటిది పొరపాటు. రెండోదాన్ని ఏమంటారో నాకు తెలియదు.

ముఠా భోజనాలకి కూర్చుంది. నేను ఏట్లోంచి బంకమట్టి తెచ్చి గాయాలకి మెత్తాను. పైన సున్నం రాసి, దాని మీద ‘4’ వేశాను. అంకె దారి వైపు కనిపించాలి కదా, నేను ఏటి వైపు వేశాను. ఇదేమిట్రా అని నువ్వు అడిగావు. తాగి వేశానన్నాను. నేను ఆ రోజు చుక్క ముట్టలేదు.

మిగతా తొమ్మిదీ కూడా ఆ వారంలోనివే. తెగులూ లేదు, ఏమీ లేదు.

లుసీదియు ఆ రెండిటి దగ్గరికీ వెళ్తే చూస్తాడు. పని నేర్చుకునే రోజుల్లో వాడు తల్లిపొర మీద ఒక్క గీత పెడితే, చేతిలో గొడ్డలి లాక్కుని అందరి ముందూ ఇంటికి పంపాను, వాడికప్పుడు పెళ్లయిన కొత్త. ఏడుస్తూ వెళ్లాడు. ఇప్పుడు వాడు ఆ పొదల వెనకకి వెళ్లకూడదు. ముందు నేను వెళ్లాలి. డాక్టరేమో జూన్ పది దాటితే గానీ కాలు నేల మీద పెట్టనివ్వనన్నాడు. నాన్న తేదీ సరిగ్గా కలిసొచ్చింది. ఇంతకాలం నీకు వినిపించిన వేదమంతా ఇదే.

సంతకం పెట్టాను, ఇందులోనే ఉంది. లుసీదియుకి కూడా చెప్పాను. ఆ రెండూ మాత్రం నాకు వదిలేయి.

నీ తమ్ముడు


మోయిట, 9 జూన్

జెఫెరీనూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంగా, రెండోసారి ఇంకా కోపంగా. చెట్ల గురించి కాదు. తొమ్మిదేళ్లు ప్రతి ఈస్టరుకీ నా బల్ల దగ్గర కూర్చుని నా రొట్టె పులుసులో కొత్తిమీర తక్కువైందని వంకలు పెట్టావే, ఆ నోటితో ఈ ఒక్క ముక్క చెప్పలేకపోయావా? నేనేం చేసేదాన్ని, ఊళ్లో టముకు వేయించేదాన్నా? వేయించేదాన్నేమో. అయినా చెప్పాల్సింది.

ముఠా ఐదున వచ్చింది. మొదటి రెండు రోజులూ బెరడు బాగా వచ్చింది, మనుషులు పాడుకుంటూ పనిచేశారు. మూడోరోజు మధ్యాహ్నం గాలి తూర్పుకి తిరిగింది. నిన్న పై వరసలో చెట్లు బిగుసుకున్నాయి. ఇవాళ పొద్దున లుసీదియు నాలుగు మానులు తట్టి చూసి, గొడ్డళ్లు మూట కట్టించాడు. తనే నా దగ్గరికి వచ్చి, ఇంక తీస్తే పాపం బెల్మీరమ్మా అన్నాడు. వాడికి ఆ మాట ఎవరు నేర్పారో అనుకున్నాను. నువ్వే నేర్పావు.

అరవై ఒకటి అయ్యాయి, ‘3’ వేశాం. మిగతావి వచ్చే ఏటికే. అందులో నీ మొండితనం వాటా ఎంత, ఎండ వాటా ఎంత అన్నది నువ్వే పంచుకో, నాకు తీరిక లేదు.

నీ రెండింటినీ ఎవరూ ముట్టలేదు. వెళ్లి చూశాను. పొదలు తప్పించుకుని ఏటి వైపునుంచి చూస్తే గాయం చుట్టూ పెదవుల్లా బెరడు కమ్ముకొచ్చింది. పూర్తిగా మూసుకోలేదు. బతికే ఉన్నాయి, నీకు చెప్పమన్నట్టు చిగుళ్లు కూడా వేశాయి.

రా. కానీ రాకముందు ఒక మాట చెబుతాను విను. ఈ గాలికి వాటి బెరడు కూడా బిగుసుకునే ఉంటుంది. చెట్టు వద్దంటే నువ్వు దిగగలవా? పోయినసారి దిగలేకపోయావు. ఇంకోసారి లాగితే ఆ రెండూ చస్తాయి, అప్పుడు నీ పదకొండు నిజంగా పదకొండవుతాయి. నా భయం అదొక్కటే.

బెల్మీరా


సినెస్, 21 జూన్

అక్కా,

చెప్పకుండా బస్సెక్కానని తిట్టుకుంటూ ఉంటావు. నువ్వు చేసిన పులుసు తినకుండా వచ్చినందుకు నాకూ బాధగానే ఉంది. ఎందుకు వచ్చేశానో రాస్తాను.

నిన్ను కొండ మీదికి రావొద్దన్నాను గానీ, లుసీదియు ముఠా మొత్తం అక్కడే ఉంది. మేస్త్రి వస్తున్నాడని పని లేకపోయినా వచ్చారట. తొమ్మిదిమంది మగాళ్లు టోపీలు సర్దుకుంటూ వరసగా నిలబడ్డారు. కర్ర ఆనించుకుని పొదల్లోంచి దిగాను. అందరూ నా వెనకే దిగారు, నేల జారుతుందన్న నా అబద్ధం నిజమై నేనొక్కణ్ణే జారాను. లుసీదియు లేపాడు.

గొడ్డలి పుచ్చుకుని కొట్టాను. బండ. చుట్టూ తిరిగి ఇంకోచోట కొట్టాను. అక్కడా అంతే. రెండో చెట్టూ అంతే.

నీకు అబద్ధం చెప్పను. లాగగలను. చేతిలో బలం ఉంది, ఎక్కడ కాడ దూర్చాలో తెలుసు. ఒక్క లాగు లాగి, బెరడు వాళ్ల వైపు పడేస్తే అందరి కళ్లూ దాని మీద ఉంటాయి, గాయానికి నా వీపు అడ్డం పెట్టొచ్చు. అదంతా ఒక్క క్షణంలో లెక్క వేసుకున్నాను.

“ఇవ్వట్లేదు” అన్నాను. గొడ్డలి కింద పెట్టాను.

తర్వాత లుసీదియుని ఏటి వైపుకి పిలిచి, ఆ ‘4’ చూపించాను. దాని మధ్యలో చెయ్యి పెట్టి చూడమన్నాను. పెట్టాడు. చాలాసేపు తీయలేదు. ఇది ఎవరు చేశారో అడక్కు, నేనే చేశాను, మూసుకున్న చెట్టుని లాగాను, పైన ఎండిపోయిన తొమ్మిదీ కూడా నా పనే అన్నాను. నవ్వుతారనుకున్నాను. నవ్వి ఉంటే నాకు సులువుగా ఉండేది, నేనూ రెండు తిట్లు తిట్టి బయటపడేవాణ్ణి. ఎవరూ నవ్వలేదు. ఒకడు టోపీ తీసేశాడు, ఎవరో పోయినట్టు.

లుసీదియు చెయ్యి తుడుచుకుని, ఏమీ జరగనట్టు, పని మాట ఎత్తాడు. “మేస్త్రీ, మిగిలినవన్నీ వచ్చే ఏడు తీద్దాం. ఎప్పుడు మొదలుపెట్టమంటావు?”

నలభై ఏళ్లలో ఆ ప్రశ్న ఎవరడిగినా నా దగ్గర తేదీ ఉండేది. ఈసారి తెలియదురా అన్నాను. వాడికి అర్థం కాలేదు, నేను వేళాకోళం చేస్తున్నాననుకున్నాడు. మరి ఎవరిని అడగమంటావు అన్నాడు.

మా అక్కని అడుగు అన్నాను.

ఆ మాట నీ మొహం మీద మళ్లీ చెప్పాల్సి వస్తుందని బస్సెక్కేశాను.

జెఫెరీను